ఇంటికెళ్ళి కబురు చేస్తాం

గుడివాడ,
నవంబరు 20.

ఫౌజీ,

ఎలా ఉన్నావు? మీవారు లాల్ గారి మోకాలు ఎలా ఉంది? ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. ఫోనులో నీతో మొదలుపెడితే నాకు వంతు వచ్చేసరికి పొయ్యి మీద అన్నం మాడిపోతుంది. కాగితం మీదైతే నువ్వు అడ్డు రాలేవు. పైగా మా అత్తగారి చెవులు ఈ వయసులోనూ మహా చురుకు. ఈ సంగతి ఆవిడకి అప్పుడే తెలియకూడదు.

హారికకి సంబంధం వచ్చింది. వచ్చిందంటే, అదే తెచ్చుకుంది. పోయిన ఆదివారం విజయవాడ నుంచి వచ్చి నా పక్కన చేరి, "అమ్మా, ఒక కుటుంబం ఉంది. వచ్చి చూడు, మాట్లాడు. నచ్చితే నచ్చిందను, లేకపోతే లేదను. బలవంతం ఏమీ లేదు" అంది. అవనిగడ్డ వాళ్ళట. తండ్రీ కొడుకులిద్దరే. తండ్రి ప్రభాకర్ గారు డ్రైనేజీ శాఖలో ఇంజనీరు, భార్య పోయి చాలా ఏళ్ళయిందట. కొడుకు భరత్ హారిక ఆఫీసులోనే పనిచేస్తాడు. "మనింటికి ఎప్పుడొస్తారు?" అని అడిగాను. "రారు. మనమే వాళ్ళతో కలిసి సఫారీకి వెళ్తున్నాం" అంది.

సఫారీ అంటే జీపూ పులీ అనుకున్నాను. కాదట. మీ అబ్బాయి నదీమ్ నడుపుతున్నదేనట. మొదటిరోజు ఘంటసాల నుంచి కోడూరు దాకా కాలవగట్ల వెంట సైకిళ్ళు, రెండోరోజు హంసలదీవి దగ్గర మడ అడవిలో పడవలు, పక్షులు, నీటికుక్కలు, అదృష్టం బాగుంటే బావురుపిల్లి. నా పెళ్ళిచూపుల్లో నేను చాప మీద నుంచి కదల్లేదు, నా కూతురు సైకిలు తొక్కుతూ పెళ్ళికొడుకుని చూస్తుందిట!

వద్దనేదాన్నే. కానీ నీకు తెలుసు కదా, వచ్చిన ప్రతి సంబంధానికీ అది ఏదో ఒక వంక పెడుతోంది. అసలు వంక నేను. "నాన్నమ్మ తర్వాత నిన్నొక్కదాన్నీ వదిలేసి నేను ఎక్కడికీ వెళ్ళను" అని ఒకసారి నోరు జారింది. ఆ మాట నాకు మేకులా దిగింది. నా మూలంగా నా పిల్ల జీవితం ఆగిపోతే నేను బతికి ఎందుకు? ఈ సంబంధం కుదరాలి ఫౌజీ. కుదిరితీరాలి.

ఇంకో ఆశ కూడా ఉందనుకో. ఇన్నేళ్ళుగా ఇంటర్ పిల్లలకి జంతుశాస్త్రం చెప్తున్నాను. సీసాలో ఉన్నవి తప్ప నేను చూసిందేమీ లేదు. చేపలు పట్టే ఈ బావురుపిల్లి మన జిల్లాలోనే ఉందర్రా అని ఏటా బొమ్మ చూపిస్తాను. "మీరు చూశారా మేడమ్?" అని ఏటా ఎవడో ఒకడు అడుగుతాడు.

నదీమ్‌ని కదిపి ఆ అబ్బాయి గుణగణాలు కనుక్కో. మా పద్ధతి నీకు తెలుసు. అక్కడికక్కడ ఏదీ తేల్చం. చూసి, తిని, నవ్వి, "ఇంటికెళ్ళి కబురు చేస్తాం" అని లేచి వచ్చేస్తాం. నచ్చినా అదే మాట, నచ్చకపోయినా అదే మాట. ఆ తర్వాత కబురు మధ్యవర్తి మోసుకెళ్తాడు. కానీ పడవలోంచి ఎలా లేచి వస్తారే?

నీ
ఇందూ


బందరు,
నవంబరు 27.

ఇందూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. లాల్ గారు చూసి, ఎవరైనా పోయారా అని అడిగారు.

హారిక నీతో అంతే చెప్పిందా? ఇంకేమీ చెప్పలేదా? ఊరికే అడుగుతున్నాను.

భరత్ మంచి అబ్బాయి. పొడుగ్గా ఉంటాడు. అతని గురించి నాకు అంతకన్నా తెలియదు. ప్రభాకర్ గారైతే మాకు బాగా తెలుసు. లాల్ గారి పంపుల షాపుకి ఎప్పటినుంచో వస్తారు. ఎంత రద్దీ ఉన్నా ఆయన ఎవరినీ కసరడం నేను చూడలేదు. లాల్ గారు మోకాలు ఆపరేషనయి మంచం మీద ఉన్నప్పుడు సాయంత్రాలు వచ్చి పేపరు చదివి వినిపించేవారు, చావు వార్తలు వదిలేసి. వంట చేస్తారు. ఆయన చేసిన చింతచిగురు పప్పు నేను తిన్నాను, నాకంటే బాగా చేశారు. పాటలు వింటారు, పాడరు. షుగరు లేదు. తల మీద జుట్టు ఉంది.

నువ్వు గంజి పెట్టిన చీర కట్టుకుని సైకిలెక్కకు. పెడన నుంచి వచ్చిన నీలం కలంకారీ గుడ్డతో కుర్తా కుట్టించాను, దీనితో పంపుతున్నాను. నీ కొలతలు నాకు గుర్తున్నాయి, కాస్త వదులు పెట్టించాను. తప్పకుండా వేసుకో.

ఒక మాట. అక్కడ నీకు ఏదైనా వింతగా అనిపిస్తే వెంటనే కోపం తెచ్చుకోకు. కాసేపు ఆగు. నీకు ఆగడం అలవాటు లేదు, అందుకని ముందే చెప్తున్నాను.

ఫౌజియా


కోడూరు,
డిసెంబరు 13, సాయంత్రం.

ఫౌజీ,

కూర్చోలేను, నిలబడలేను. నదీమ్ చూపించిన బసలో, వరండా వాలుకుర్చీలో ఒక పక్కకి ఒరిగి రాస్తున్నాను. రేపు బందరు వచ్చే వ్యానులో ఈ కాగితం నీకు చేరుతుందట.

ముందు నీ మీద ఫిర్యాదు. పెళ్ళికొడుకు గురించి అడిగితే పెళ్ళికొడుకు తండ్రికి షుగరు లేదని రాస్తావేమిటి? వియ్యంకుడి జుట్టుతో నాకేం పని? నీకూ వయసు మీద పడుతోంది.

పొద్దున్నే ఘంటసాల స్తూపం దగ్గర కలిశాం. నీలం కుర్తా బాగుందని మొదట అన్నది ఎవరో తెలుసా? ప్రభాకర్ గారు. అనేసి, మొహం ఎర్రబడి, బాగానే ఉన్న సైకిలు గొలుసు పట్టుకుని చూడటం మొదలుపెట్టారు. భరత్‌కి బందరు లడ్డు పెట్టాను. ఒకటి తిని చాలన్నాడు. నెమ్మదస్తుడే. కానీ రోజంతా ఫోనులో ఎవరితోనో గుసగుసలు. హారిక పక్కన తొక్కమని వాణ్ణి నేనే ముందుకి తోలాను. ఇద్దరూ పోట్లాడుకుంటూ పోవడం, వెనక్కి తిరిగి మమ్మల్ని చూసి నవ్వుకోవడం. కాబోయే మొగుడూ పెళ్ళాల నవ్వులా లేదు అది. మేష్టారి వీపున కాగితం అంటించిన పిల్లల నవ్వులా ఉంది.

అందుకని నాకు ప్రభాకర్ గారే జత అయ్యారు. నా సైకిలు మెల్లగా పోతే ఆయనా మెల్లగా, నేను ఆగితే ఆయనా ఆగడం. సరే, దొరికారు కదా అని అడగాల్సినవన్నీ అడిగేశాను. "మీ ఇంటికి వచ్చే మనిషి ఉద్యోగం మానాలంటారా?" అన్నాను. "అయ్యో, ఎందుకండీ? రిటైరయ్యేదాకా చేసుకోవచ్చు" అన్నారు. హారికకి ఇరవై ఏడేళ్ళు, అప్పుడే రిటైర్‌మెంటు మాటేమిటి? మా ఇంట్లో పెద్దావిడ ఉన్నారు, ఆవిడ బాధ్యత మాదేనని చెప్పాను, తర్వాత తెలిసి అనుకోవడం ఎందుకని. "ఆవిడా మాతోనే ఉండొచ్చండీ. ఇల్లు పెద్దదే, కింద గది ఖాళీ" అన్నారు. కోడలి నాన్నమ్మని కూడా తెచ్చిపెట్టుకుంటాననే మామగారిని నువ్వెక్కడైనా చూశావా?

చివరికి నేనే, "నాన్చడం నాకు ఇష్టం ఉండదండీ. నచ్చితే మంచిరోజు చూసి తేల్చేద్దాం" అన్నాను. ఆయన సైకిలు కాలవలోకి పోబోయింది. నేను హ్యాండిలు పట్టుకోకపోతే మనిషి తడిసేవారే. సర్దుకున్నాక పద్ధతి ప్రకారం, "ఇంటికెళ్ళి కబురు చేస్తాంలెండి" అన్నాను. "ఎంతకాలమైనా ఆగుతానండీ" అన్నారు. కొడుకు పెళ్ళికి అంత నిదానమేమిటో!

అవనిగడ్డ దాటాక ఎదురుగాలి తగ్గింది. వరి కోసిన చేలల్లో మినుము మొలక లేచి ఉంది. కరెంటు తీగ మీద లకుముకిపిట్ట. నాకు మనం బందరు కాలేజీలో చదివే రోజుల్లో క్లాసు ఎగ్గొట్టి మంగినపూడి దాకా సైకిళ్ళు తొక్కింది గుర్తొచ్చింది. ఆయనకి చెప్పాను. "ఆ ఫౌజియా గారా!" అని గట్టిగా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వితే పక్కటెముకలు నొప్పెట్టాయి, సైకిలు వల్లో మరెందువల్లో.

ఏదో అర్థం కావడం లేదు ఫౌజీ. అందరూ బాగానే ఉన్నారు, ఏదో మాత్రం బాగాలేదు. ఈ ఉత్తరం మొదటినుంచి చూసుకుంటే అంతా పెళ్ళికొడుకు తండ్రి గురించే రాశాను. పెళ్ళికొడుకు గురించి రాద్దామంటే ఏమీ తోచడం లేదు. ఒకటి మాత్రం నిజం, ఇలాంటాయన మామగారైతే హారిక అదృష్టవంతురాలు.

రేపు తెల్లవారుతూనే పడవలు. ఒక్కోదాంట్లో ఇద్దరేసి. హారికని, భరత్‌ని ఒకదాంట్లో కూర్చోబెట్టాలి, నేనే చూసుకుంటాను.

ఇందూ


గుడివాడ,
డిసెంబరు 16.

శ్రీమతి ఫౌజియా గారికి,

నమస్కారములు. మీరు, మీ శ్రీవారు కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ అబ్బాయి నడిపే సఫారీ నుంచి ప్రాణాలతో ఇల్లు చేరాను. జరగబోయేది మీకు ముందే తెలుసు కనుక జరిగినది కూడా తెలియజేయడం మర్యాద అని రాస్తున్నాను. ఇదే మీకు నా ఆఖరి ఉత్తరం.

ఆదివారం తెల్లవారుతూనే మమ్మల్ని మడ అడవి పాయలో దింపారు. మోటారు పడవలో మీ అబ్బాయి ముందు వెళ్తాడు, వెనక రెండు చిన్న పడవల్లో మేం తెడ్లు వేసుకుంటూ రావాలి. పట్టుబట్టి మా అమ్మాయిని, భరత్‌ని ఒక పడవ ఎక్కించాను. వాళ్ళు కిమ్మనకుండా ఎక్కారు. రెండో పడవలో నేనూ ఆయనా.

నేను గుడివాడ దాన్ని. నాకు తెలిసిన నీళ్ళు లాకులు ఎత్తితే దిగువకి పోతాయి, దించితే ఆగుతాయి. వెనక్కి రావడం వాటికి తెలియదు. "నీళ్ళు తిరిగే వేళయింది ఆంటీ, వెనకే వచ్చెయ్యండి!" అని మీ అబ్బాయి అరిచాడు. నేను వింటానా? "ప్రవాహమే మనల్ని సముద్రం వైపు తీసుకెళ్తుంది, ఊరికే చేతులు నొప్పి పుట్టించుకోకండి" అని ప్రభాకర్ గారికి పాఠం చెప్పి తెడ్డు ఒళ్ళో పెట్టుకున్నాను. ఆయన "సరేనండీ" అని తన తెడ్డు కూడా ఒళ్ళో పెట్టుకున్నారు. సముద్రం పోటు మొదలైంది. నీళ్ళు వెనక్కి తిరిగి మమ్మల్ని అడవిలోకి తోసుకుపోయాయి. ఎటు చూసినా ఒకటే ఆకుపచ్చ, ఏది ముందో ఏది వెనకో నాకు తెలియలేదు. ఒక సన్నపాయలో పడవ ముక్కు బురదలోకి దిగి ఆగింది. మోటారు చప్పుడు కూడా వినబడటం లేదు.

ఇదే సందని నేను పెళ్ళి మాట ఎత్తాను. "పరీక్షలు అయ్యాక ముహూర్తం పెట్టుకుంటే నాకు వీలుగా ఉంటుందండీ" అన్నాను.

"ఎవరి ముహూర్తమండీ?" అన్నారు.

"భరత్‌కీ హారికకీ."

ఆయన మెల్లగా వెనక్కి తిరిగారు. "భరత్‌కి తెనాలి అమ్మాయితో నిశ్చితార్థం అయిపోయిందండీ. మార్చిలో పెళ్ళి. హారిక మీకు చెప్పలేదా?"

"అయితే మేమెందుకు వచ్చాం?" అని నోరు తెరిచాను. గొంతు లేవనివ్వలేదు. ఎందుకంటే ఎదురుగా గట్టు మీద పొద కదిలి, అది వచ్చి కూర్చుంది.

బావురుపిల్లి, ఫౌజీ! బూడిదరంగు ఒళ్ళు, వీపున వరసగా మచ్చలు, పొట్టి తోక, గుండ్రటి చిన్న చెవులు. నేను బోర్డు మీద గీసేదాని కంటే మొహం వెడల్పు. నీళ్ళ అంచున కూర్చుని ముందుకాలితో నీళ్ళని మెల్లగా తడుతోంది, చేపకి పురుగు వాలినట్టు అనిపించాలని. పుస్తకంలో ఉన్నమాటే, కానీ పుస్తకంలో ఊపిరి తీయదు కదా.

ఆయన నాకంటే మెల్లగా అన్నారు. "మీకు తెలిసే వచ్చారనుకున్నానండీ. నా గురించి... మన గురించి."

ముందురోజు నేను అడిగిన ప్రశ్నలన్నీ ఒకదాని వెంట ఒకటి నా మీదికి వచ్చిపడ్డాయి. ఉద్యోగం, రిటైర్‌మెంటు, కింద గది, మంచిరోజు చూసి తేల్చేద్దాం! నేను కెవ్వున అరవాలి. తెడ్డు విసిరికొట్టాలి. కానీ అరిస్తే పిల్లి పారిపోతుంది. నా జన్మలో అంత సిగ్గు, అంత కోపం, అంత సంతోషం ఒకేసారి ఎప్పుడూ రాలేదు. ఏది దేనికోసమో నాకు తెలియలేదు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి కూడా కదపలేదు.

ఆయన చూశారు. "మీరేమీ చెప్పక్కర్లేదండీ. ముందు పిల్లిని చూద్దాం" అన్నారు.

చూశాం. చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత అది ఒక్కసారి తల మునిగేదాకా దూకి చేపతో లేచింది. మమ్మల్ని ఓసారి చూసి, లెక్కలోకి రానివాళ్ళని చూసినట్టు, పొదలోకి పోయింది.

అప్పుడు అరిచాను. మీ అబ్బాయి ఆ అరుపు పట్టుకునే మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. తాడు కట్టి లాక్కెళ్తుంటే, "పోటు వస్తోందని మీకు తెలియదా, ఇంజనీరు గారూ?" అని అడిగాను. "తెలుసండీ. మీరంత నమ్మకంగా చెప్తుంటే కాదనలేకపోయాను" అన్నారు.

తిరుగు ప్రయాణంలో నేను ఎవరితోనూ మాట్లాడలేదు. కబురు చేస్తామని కూడా అనలేదు. హారికని విజయవాడ బస్సు ఎక్కించి మొహం తిప్పుకున్నాను. ఆ తర్వాత అది ఫోను చేసి చెప్పింది, మీ ఇంట్లో కూర్చునే ఇదంతా అనుకున్నారట. నా వెనక. నా పెళ్ళి. ఈ వయసులో నన్ను అంగట్లో బొమ్మలా తీసుకెళ్ళి చూపించారు. కళ్ళజోడు కూడా ఆ పడవలోనే పోయింది.

ఇక సెలవు.

ఇట్లు,
కె. ఇందిర, ఎమ్మెస్సీ


బందరు,
డిసెంబరు 20.

ఇందూ,

నువ్వు ఎన్ని గార్లు తగిలించినా నాకు ఇందూవే. పిల్లి వచ్చేసరికి నీ గార్లు కూడా ఎగిరిపోయాయి, చూసుకున్నావో లేదో.

తప్పు నాది. దాచను. అయితే మొత్తం మోసం కాదు, వినిపెట్టు. నీకు చెప్పే పని ఎవరిదన్న దగ్గరే అంతా చెడింది. ప్రభాకర్ గారి మాట ఎత్తింది నేనే. హారిక ఒప్పుకుంది, వాళ్ళ అబ్బాయీ ఒప్పుకున్నాడు. తర్వాత హారిక ఏమనుకుందంటే, తల్లి పెళ్ళి మాట కూతురు ఎత్తడం ఎక్కడైనా ఉందా, మధ్యవర్తి చెప్పాలి, ఫౌజియా పిన్ని చెప్తుంది అని. నేనేమనుకున్నానంటే, ఎంత స్నేహమైనా వేరే ఇంటిదాన్ని, వాళ్ళ ఇంటి మాట వాళ్ళ పిల్లే చెప్పుకుంటుంది అని. ప్రభాకర్ గారు, ఇద్దరూ చెప్పే ఉంటారనుకున్నారు పాపం. నీ మొదటి ఉత్తరం చూశాక హారికకి ఫోను చేశాను. "నువ్వు చెప్పలేదా పిన్నీ?" అంది. "నువ్వు చెప్పలేదుటే?" అన్నాను. ఇద్దరం తలలు పట్టుకున్నాం.

అప్పుడైనా చెప్పాల్సింది. చెప్తే నువ్వు రావని భయపడ్డాను. వెళ్ళి చూస్తే, ఏమో, నీకే తెలుస్తుందిలే అనుకున్నాను. అది తప్పు. క్షమించు.

ఇప్పుడు నామాట. నీ కోడూరు ఉత్తరం మళ్ళీ చదివాను. భరత్ లడ్డు తిన్నాడు, అంతే. మిగతా అంతా ఆయనే. మెల్లగా తొక్కారు, ఆగారు, నవ్వారు. నువ్వు పెళ్ళికొడుకుని సరిగ్గానే చూసి వచ్చావు ఇందూ. పెళ్ళికూతురు ఎవరో నీకొక్కదానికే తెలియదు.

మీ ఆయన పోయిన దగ్గర్నుంచి నువ్వు నాకు రాసిన ఉత్తరాల్లో పిల్లల మార్కులు, పాలవాడు, అత్తగారి మందులు తప్ప నువ్వు లేవు. కోడూరు నుంచి మాత్రం మంగినపూడికి సైకిలు తొక్కిన పిల్ల రాసింది. ఆ పిల్ల ఎక్కడికి పోయిందో అని నేను ఎంత ఏడ్చానో నీకు తెలియదు.

తిట్టు. కానీ ఉత్తరంలో తిట్టు.

ఫౌజియా


బందరు,
జనవరి 12.

ఇందూ,

జవాబు లేదు. పోస్టుమాన్ నన్ను చూసి తల అడ్డంగా ఊపి వెళ్ళిపోతున్నాడు.

నిన్న ప్రభాకర్ గారు షాపుకి వచ్చారు. నీ కళ్ళజోడు పడవ అడుగున దొరికిందట, రుమాల్లో చుట్టి తెచ్చారు. "మీరే పంపండి, నేను వెళ్తే ఆవిడకి ఇబ్బంది" అన్నారు. నీ గురించి ఇంకేమీ అడగలేదు. మనిషి కాస్త చిక్కారు.

నేను తీసుకోలేదు. మధ్యలో దూరి ఒకసారి చెడగొట్టింది చాలు, మీరే వెళ్ళి ఇవ్వండి అన్నాను. ఇది నీకు ముందే చెప్తున్నాను. ఈసారి దాచలేదు, గమనించు.

ఫౌజియా


గుడివాడ,
జనవరి 25.

ఫౌజీ,

గారు తీసేశాను. కోపం ఇంకా ఉంది.

ఆయన వచ్చారు. నువ్వు ముందే రాసినా, గేటు చప్పుడైతే పాలవాడనుకుని నైటీ మీద తువ్వాలు వేసుకుని గిన్నె పట్టుకుని వెళ్ళాను. కళ్ళజోడు చేతికిచ్చి, "వస్తానండీ" అని వెనక్కి తిరిగారు. అంతదూరం వచ్చింది అందుకే. వరండాలోంచి మా అత్తగారు, "ఎవరమ్మా అది? ఎండలో నిలబెట్టావేం, లోపలికి రమ్మను!" అని కేకేశారు.

నేను కాఫీ పెట్టి వచ్చేసరికి ఇద్దరూ ఎప్పటినుంచో ఎరిగున్నవాళ్ళలా పాత వరదల గురించి మాట్లాడుకుంటున్నారు. ఆయన కాఫీ తాగి, నాకొక దండం పెట్టి వెళ్ళిపోయారు. ఆవిడ గేటు వైపు చూస్తూ, "ఈయనేనా హారిక చెప్పినాయన?" అన్నారు.

హారిక ఆవిడకి కూడా చెప్పిందిట! ఈ ఊళ్ళో నాకు తప్ప ఇంకెవరికి తెలియదో కనుక్కుని చెప్పు.

నేను వంటింట్లోకి పారిపోబోతే కూర్చోమన్నారు. "వాడు పోయినప్పుడు నువ్వు నన్ను వదిలేసి పుట్టింటికి పోవచ్చు. పోలేదు. ఆ రుణం నేను తీర్చుకోలేను. కానీ నా కోసమని నువ్వు ఆగిపోతే ఆ పాపం నాకు చుట్టుకుంటుందని నాకు నేనే చెప్పుకుంటున్నాను రోజూ. నేనుండగానే నీకో తోడు కనబడితే నాకు నిద్రపడుతుంది" అన్నారు. నేను ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను. ఆవిడా ఏడ్చారు. తర్వాత, "మనిషి నెమ్మదస్తుడు. కాఫీలో పంచదార తక్కువైనా అడగలేదు" అన్నారు.

నాకేం కావాలో నాకు తెలియడం లేదు ఫౌజీ. హారికకి ఏం కావాలో తెలుసు, అత్తగారికి ఏం కావాలో తెలుసు, క్లాసులో ప్రతి పిల్లకీ ఏం కావాలో తెలుసు. నన్ను ఎవరూ అడిగి చాలా కాలమైంది. ఇప్పుడు అడుగుతుంటే జవాబు రావడం లేదు. స్టాఫ్‌రూములో ఏమనుకుంటారో అని సిగ్గు. మా ఆయన ఫొటో ముందు నిలబడితే ఆయన ఏమీ అనడం లేదు, నేనే ఏదో సంజాయిషీ చెప్పుకుంటున్నాను. ఒక్కోరోజు అంతా పిచ్చి అనిపిస్తుంది. ఒక్కోరోజు కళ్ళజోడు తుడుచుకుంటూ ఊరికే కూర్చుంటాను.

ఒక్కటి మాత్రం తెలుసు. ఆ రోజు పడవలో ఆయన చోట ఇంకెవరున్నా మాట్లాడేవాళ్ళు. సర్దిచెప్పేవాళ్ళు, క్షమించమనేవాళ్ళు, తమ తప్పు లేదనేవాళ్ళు. పిల్లి పారిపోయేది.

ఫిబ్రవరిలో సఫారీ ఉంటే రెండు చోట్లు ఉంచమని నదీమ్‌తో చెప్పు. ఒకటి నాకు. రెండోది ఎవరికో వాడికి తెలుసు. హారిక రాదు, భరత్ రాడు. ఈసారి ఎందుకు వెళ్తున్నానో తెలిసి వెళ్తున్నాను. ఏం చెప్తానో మాత్రం తెలియదు.

ఇందూ


హంసలదీవి,
ఫిబ్రవరి 15.

ఫౌజీ,

కార్డు మీద చోటు తక్కువ. ఈసారి పిల్లి రాలేదు. నీటికుక్కలు కనబడ్డాయి, తల్లీ పిల్లలూ, గోలగోలగా.

పోటు వచ్చే వేళకి ఆయన, "ఇప్పుడు నీళ్ళు వెనక్కి తిరుగుతాయండీ" అని ముందే చెప్పారు. "తెలుసండీ" అన్నాను. ఇద్దరం తెడ్లు ఒళ్ళో పెట్టుకున్నాం. నీళ్ళు మమ్మల్ని మళ్ళీ ఆ సన్నపాయలోకే తీసుకెళ్ళాయి. చాలాసేపు అక్కడే కూర్చున్నాం. మాట్లాడితే పారిపోయే పిల్లి కూడా లేదు, అయినా ఎవరం మాట్లాడలేదు. బాగుంది.

వచ్చేటప్పుడు ఆయన ఏమీ అడగలేదు. నేనూ చెప్పలేదు. పద్ధతి పద్ధతే, అక్కడికక్కడ తేల్చకూడదు. ఇంటికెళ్ళి కబురు చేస్తామని చెప్పి వచ్చేశాను.

మధ్యవర్తివి నువ్వే కాబట్టి ఈసారైనా నీ పని నువ్వు సరిగ్గా చెయ్యి. అవనిగడ్డకి కబురు పంపు. అబ్బాయి మాకు నచ్చాడు.

ఇందూ